ఇంటి దగ్గరి హోటల్, ఇద్దరి రుచి: మా అనుభవంలో తేలిన చిట్కాలు

మేముండేది హైదరాబాద్ చిక్కడపల్లిలో. మావారిది తెనాలి, నాది హనుమకొండ. పెళ్లయిన కొత్తలో హోటల్‌కి వెళ్తే ఇద్దరం ఒకేలా తృప్తిపడి ఇంటికొచ్చిన రోజు దాదాపు లేదు. ఆయనకు కందిపొడి, నెయ్యి, గోంగూర విస్తట్లో పడితేనే భోజనం. నాకు అంత కారం పడదు, పలుచటి చారు వేడిగా ఉంటే చాలు. దోసె ఆయనకు కరకరలాడాలి, నాకు మెత్తగా ఉండాలి. ఇరవై ఆరేళ్లుగా నారాయణగూడ, హిమాయత్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అబిడ్స్ హోటళ్లకు వెళ్తూ వస్తూ ఒకటి తెలుసుకున్నాం. ప్రతి హోటల్‌కీ ఒక వేళ ఉంటుంది, ఒక వంటకం ఉంటుంది. ఆ రెండూ తెలిస్తే రుచులు కలవని ఆలుమగలకు కూడా ఇష్టమైన హోటళ్లు అరడజను దొరుకుతాయి. మాకు పనికొచ్చినవి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు వేళ చూసుకోండి, తర్వాతే హోటల్ పేరు. టిఫిన్ హోటల్‌కి పొద్దున ఏడు, ఏడున్నర మధ్య వెళ్లండి. ఇడ్లీ మొదటి రెండు వాయలూ అప్పుడే దిగుతాయి. కొబ్బరి చట్నీ రుబ్బి ఎంతోసేపు అయ్యుండదు. వేసవిలో పది దాటిందంటే ఆ కొబ్బరి చట్నీయే పులుపెక్కుతుంది, కాబట్టి ఆలస్యమైన రోజు అల్లం చట్నీ, పొడి అడిగి సరిపెట్టుకోండి. భోజనం హోటల్‌కి పన్నెండున్నర. అప్పటికి కూరలన్నీ గిన్నెల్లో నిండుగా ఉంటాయి, వడ్డించేవాళ్లు అలిసిపోయి ఉండరు. రెండున్నరకు వెళ్తే వేపుడు అయిపోయి ఉంటుంది, చారు అడుక్కి చేరి ఉంటుంది, పక్కనే కుర్చీలు బోర్లిస్తుంటారు. మిర్చిబజ్జీ బండికి సాయంత్రం అయిదున్నర. మొదటి మూకుడు నూనె అప్పుడే కాగుతుంది. ఒకే హోటల్‌ని మా బంధువులు బాగాలేదంటారు, మేం బాగుందంటాం. వాళ్లు వెళ్లేది మూడింటికి, మేం వెళ్లేది పన్నెండున్నరకి. తేడా అంతే.

2. హోటల్‌లో కూర్చోగానే మెనూ తెరవకండి. పక్క టేబుళ్ల మీద ఏముందో చూడండి. పదిమందిలో ఏడుగురి ముందు ఒకే వంటకం ఉందంటే ఆ వంటగది చేయి తిరిగింది దాని మీదే. మెనూలో రెండువందల పేర్లు ఉండొచ్చు, రెండువందల వంటలూ ఆ పూట వండినవి ఎలా అవుతాయి? ఉడిపి హోటల్‌లో నూడుల్స్, బిర్యానీ హోటల్‌లో దోసె, ఆంధ్రా మెస్సులో పనీర్ మసాలా ఇవేవీ మేం అడగం. ఏ హోటల్‌కైనా చేతనైన వంట ఒకటి ఉంటుంది, దానికోసమే వెళ్లాలి. మొదటిసారి నచ్చకపోతే వేరే వేళలో ఇంకొకసారి ప్రయత్నించండి. రెండోసారీ నచ్చకపోతే మానేయండి.

3. ఇద్దరి రుచీ వేరయితే ఒకే హోటల్‌లో రెండు రకాలుగా చేయించుకోవచ్చు, అడగడానికి మొహమాటపడకండి. దోసె మాస్టర్‌కి ముందే చెప్తే ఒకటి ఎర్రగా కాలుస్తాడు, ఇంకొకటి మెత్తగా తీస్తాడు. పచ్చిమిర్చి లేని ఉప్మా, నెయ్యి వేయని పొంగల్ కూడా పొద్దున రద్దీ పెరగకముందు అడిగితే ఇస్తారు. ఎనిమిదిన్నర దాటాక అడిగితే ఆ మనిషిని ఇబ్బంది పెట్టినట్టే.

4. పెసరట్టు ఇంటికి తెచ్చుకోకండి. పిండి పులియబెట్టరు, నానిన పెసలు రుబ్బి వెంటనే పోస్తారు. ఆ పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వచ్చేది పెనం మీంచి తీసిన అయిదు నిమిషాలే. కవర్లో పది నిమిషాలుంటే ఆవిరికి మెత్తబడి చాపలా సాగుతుంది. ఇడ్లీ అలా కాదు, పార్సిల్‌కి తట్టుకుంటుంది. ఇంటికొచ్చాక మూత తీసి ఒక్క నిమిషం ఆవిరి పోనిస్తే మళ్లీ మృదువుగా ఉంటుంది. పూరీ, దోసె, పెసరట్టు అక్కడే కూర్చుని తినండి. ఇడ్లీ, పొంగల్, ఉప్మా ఇంటికి తెచ్చుకోండి. పెసరట్టు మధ్యలో ఉప్మా పెట్టించుకుంటే అది ఎమ్మెల్యే పెసరట్టు. మా ఇంటికి దగ్గర్లోనే, హైదర్‌గూడలోని పాత ఎమ్మెల్యే క్వార్టర్స్ క్యాంటీన్ వల్లే ఆ పేరొచ్చిందని ఇక్కడి పెద్దవాళ్లు చెప్తారు. ఇద్దరికి ఒకటి చాలు, చివర్లో ఆకలుంటే ఇంకొకటి చెప్పుకోవచ్చు.

5. చాయ్ ‘వన్ బై టూ’ చెప్పండి. హైదరాబాద్‌లో ఈ మాటకు చిన్నతనం లేదు, చెప్పగానే సర్వర్ రెండు కప్పులు తెస్తాడు. ఇరానీ చాయ్ మామూలు టీలా కలిపి మరగబెట్టింది కాదు. డికాషన్ ఒకచోట మూతపెట్టి సన్నటి మంట మీద ఉంటుంది, పాలు ఇంకోచోట చిక్కగా మరుగుతుంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అనండి. చక్కెర ముందే కలిపి ఉంటుంది గనుక షుగర్ ఉన్నవాళ్లకు సగం కప్పే పరిమితి. మావారికి డాక్టర్ చెప్పినప్పట్నుంచి మాకు వన్ బై టూ అలవాటైంది. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, అరగంట కబుర్లు. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ దగ్గరకు పొద్దున్నే వెళ్తే నిలబడి తాగాలి, అయినా వెళ్లండి. ఎదురుగా చార్మినార్ మీద ఎండ పడుతుంటే ఆ చాయ్ రుచే వేరు.

ఫిల్టర్ కాఫీకి మాత్రం వన్ బై టూ మేం చెప్పం. సగం గ్లాసు కాఫీ రెండు గుక్కల్లో చల్లారిపోతుంది.

6. అన్నం తిన్న వెంటనే కాఫీ వద్దు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు మానమని చెప్పింది. వాటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రక్తం తక్కువగా ఉండే ఆడవాళ్లు దీన్ని తప్పక పాటించండి. భోజనం అయ్యాక గంటసేపు నడిచి, ఏదైనా పని చూసుకుని, అప్పుడు కాఫీ హోటల్‌లో కూర్చోండి. మేం హిమాయత్‌నగర్ మినర్వాలో కాఫీ తాగేది అలాగే, సాయంత్రం నాలుగున్నరకి, అదొక్కటే పనిగా వెళ్లి.

7. బిర్యానీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇద్దరే ఉండే ఇళ్లలో డబ్బూ, తిండీ ఎక్కువగా వృథా అయ్యేది దీని దగ్గరే. పాత హోటళ్లలో ఒక్క సింగిల్ బిర్యానీ ఇద్దరికి సరిపోతుంది. ఫ్యామిలీ ప్యాక్ ధర చూసి ఆశపడకండి, మూడో వంతు మిగులుతుంది. హైదరాబాదీ కచ్చి బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి, మూత చుట్టూ పిండి పూసి దమ్ మీద పెడతారు. అందుకే హండీ పైభాగంలో తెల్లన్నం, అడుగున మసాలా. పళ్లెంతో పక్కనుంచి నిలువుగా తవ్వి తీస్తే రెండూ సరిగ్గా వస్తాయి. కారం తక్కువ తినేవాళ్లకు పై అన్నం, ఎక్కువ తినేవాళ్లకు అడుగు మసాలా కలిపి పెట్టించుకోవచ్చు. మా ఇద్దరి మధ్య గొడవ లేని ఒకే వంటకం ఇదే. ఒకే పళ్లెం, చెరో పక్క.

వేళ ఇక్కడా ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట మధ్య హండీలు తెరుస్తారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్ లాంటి థియేటర్లు దగ్గర్లోనే ఉన్నాయి కనుక ఫస్ట్ షో వదిలాక బావర్చి హోటల్ ముందు నిలబడడానికి చోటుండదు. సినిమాకి వెళ్లే రోజు ముందే తినేసి వెళ్లండి. పాత ఎమ్మెల్యే క్వార్టర్స్ రోడ్డులోని కేఫ్ బహార్‌లో అయితే బిర్యానీ తిని కాసేపు కూర్చుని ఇరానీ చాయ్ కూడా తాగొచ్చు, కానీ ఆరో చిట్కా గుర్తుపెట్టుకుని గంట ఆగి తాగండి.

8. మిగిలిన అన్నం విషయంలో ఏమాత్రం అశ్రద్ధ వద్దు. ఒక రాత్రి మిగిలిన బిర్యానీని డబ్బాతో సహా వంటింటి గట్టు మీద వదిలేసి పడుకున్నాం. పొద్దున బాగా వేడిచేసుకుని తిన్నాం. రెండు గంటల్లో ఇద్దరికీ వాంతులు, ఆ రోజంతా మంచం మీదే. తప్పు హోటల్‌ది కాదు, మాదే. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. గది వేడిలో గంటల తరబడి ఉంటే పెరిగి విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అప్పట్నుంచి మా ఇంట్లో పద్ధతి ఇది: పార్సిల్ వచ్చిన వెంటనే తినేంత వేరు తీసి, మిగతాది వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరబెట్టడం, రెండు గంటల్లోపు మూతగిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టడం, మర్నాడు నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి పొగలొచ్చేదాకా వేడిచేసి ఒక్కసారే తినేయడం. రెండోసారి వేడిచేసే పని లేదు. పెరుగు చట్నీ, తరిగిన ఉల్లిపాయ ముక్కలు మిగిలితే పారేయండి.

9. ఓపిక లేని రోజు కర్రీ పాయింట్ ఉంది. ఇంట్లో అన్నం పెట్టుకుని కూరలు మాత్రం తెచ్చుకుంటే ఇద్దరికి చవకగా అయిపోతుంది, పార్సిల్ మీల్స్‌లో వచ్చినట్టు అన్నం గుట్టగా మిగలదు. ఒక పప్పు, ఒక వేపుడు చాలు. సాంబారు వాళ్ల దగ్గర, చారు ఇంట్లో. మధ్యాహ్నం పన్నెండింటికి, రాత్రికైతే ఏడున్నరకి వెళ్లండి, అప్పుడే వండినవి సర్దుతుంటారు. పొద్దున కనపడిన కూర రాత్రికి అదే గిన్నెలో కనపడితే తీసుకోకండి.

10. స్టీలు డబ్బా వెంట తీసుకెళ్లండి. మరిగే సాంబారు పలుచటి ప్లాస్టిక్ కవర్లో కట్టడం మన ఊళ్లన్నిటికీ అలవాటైపోయింది, ఎవరికి వాళ్లం మానాలి. బజ్జీలు వార్తాపత్రిక కాగితంలో చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ ఎన్నోసార్లు హెచ్చరించింది, అచ్చు సిరా నూనెతో కలిసి తిండిలోకి దిగుతుంది. మా గుడ్డ సంచిలో రెండు గిన్నెల క్యారేజీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. డబ్బా ఇచ్చేవాళ్లకు కొలత కొంచెం ఎక్కువే పడుతుందని గమనించాను.

11. లోపలికి వెళ్లేటప్పుడు మూడు చూడండి. ఒకటి, గోడ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన పద్నాలుగు అంకెల నంబరు. రెండు, చేతులు కడుక్కునే చోటు. అక్కడ శుభ్రం లేకపోతే మనకు కనపడని వంటింట్లో ఉంటుందని నేను నమ్మను. మూడు, మూకుడులో నూనె. నల్లబడి, నురగ కడుతూ, బజ్జీ వేయకముందే పొగలొస్తుంటే అది మళ్లీ మళ్లీ కాచిన నూనె. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఇక వాడకూడదని నిబంధన ఉంది. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు గనుక కన్ను, ముక్కే ఆధారం. అలాంటి రోజు బజ్జీ మానేసి మొక్కజొన్న పొత్తు కాల్పించుకోండి.

12. బిల్లు చదివి డబ్బివ్వండి. నిరుడు ఒక పెద్ద హోటల్‌లో మా బిల్లులో సర్వీస్ చార్జీ కలిపారు. తీసేయమని మెల్లగా చెప్పాం, మేనేజర్ చాలాసేపు వాదించి చివరికి తీశారు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సర్వీస్ చార్జీని హోటల్ తనంతట తాను బిల్లులో కలపకూడదు. ఢిల్లీ హైకోర్టు కూడా 2025 మార్చిలో దాన్నే సమర్థించింది. వినకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. మామూలు హోటళ్లలో జీఎస్టీ 5 శాతం. పన్ను వేశారంటే బిల్లు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, తెలంగాణలో అది 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలవుతుంది. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటల్ మన దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీదే రాసి ఉంటుంది. ఇవి గొడవ పడడానికి కాదు, తెలిసుంటే మర్యాదగా అడగొచ్చు.

సర్వీస్ చార్జీ తీయించిన రోజు కూడా వడ్డించిన అబ్బాయి చేతిలో విడిగా డబ్బు పెట్టి వచ్చాం. అది నేరుగా ఆ మనిషికే చెందాలి.

13. బీపీ ఉంటే విస్తట్లో పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ ఈ మూడింట్లో ఒకటే ఎంచుకోండి. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించొద్దంటారు, హోటల్ భోజనంలో సగం ఉప్పు ఈ మూడింటి నుంచే వచ్చినా ఆశ్చర్యం లేదు. మావారు గోంగూర ఉంచుకుని మిగతా రెండూ వదిలేశారు. పెరుగన్నంలో ఉప్పు కలపొద్దని వడ్డించేవాళ్లకు ముందే చెప్పండి.

14. నెలకో ఆదివారం కొంచెం దూరం వెళ్లండి. చిక్కడపల్లి స్టేషన్లో మెట్రో ఎక్కితే నారాయణగూడ తర్వాత వచ్చేదే సుల్తాన్‌బజార్. అక్కడ దిగి కోఠి నుంచి అబిడ్స్ దాకా ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు చూసుకుంటూ నడుస్తాం. ఒక్కో పుస్తకం కొనుక్కునేసరికి పన్నెండున్నర అవుతుంది. అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్ 1948 నుంచి నడుస్తోంది, అక్కడి భోజనం నాకిష్టం. ఎత్తైన పైకప్పు, తొందరపెట్టని వడ్డన, ఇద్దరం కొత్త పుస్తకాలు టేబుల్ మీద పెట్టుకుని తింటాం. రంజాన్ నెలలో ఈ నడక సాయంత్రానికి మారుస్తాం, హలీం కోసం. గోధుమ, మాంసం, పప్పులు గంటల తరబడి భట్టీ మీద ఉడికించి కర్రతో మెదిపిన ఆ వంటకానికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక ప్లేటు, రెండు చెంచాలు, నిమ్మకాయ పిండుకుని వేడిగా ఉండగానే తినాలి. ఇఫ్తార్ వేళకు ఉపవాసం ఉన్నవాళ్లు తింటారు, వాళ్లకు చోటిచ్చి మనం ఓ అరగంట ఆగి వెళ్దాం.

15. దగ్గరి హోటల్‌కి యాప్‌లో ఆర్డర్ పెట్టకండి. నడిచి వెళ్లండి, లేదా వాళ్ల నంబరు రాసుకుని ఫోన్ చేసి చెప్పి వెళ్లి తెచ్చుకోండి. యాప్ హోటల్ దగ్గర కమీషన్ తీసుకుంటుంది, చాలాచోట్ల ధర కూడా అక్కడ ఎక్కువే కనపడుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మా వీధి చివర ఒక దంపతుల ఇడ్లీ బండి ఉండేది. ఆయన పిండి పోసేవాడు, ఆమె చట్నీ వేసేది. మా వారికి కారప్పొడి ఎంత వేయాలో ఆమెకు చెప్పక్కర్లేదు. 2020 లాక్‌డౌన్‌లో బండి ఆగింది, మళ్లీ రాలేదు. వాళ్లు ఏ ఊరు వెళ్లారో కనుక్కుందామంటే మా దగ్గర ఫోన్ నంబరు కూడా లేదు. పదకొండేళ్లు వాళ్ల చేతి తిండి తిని పేరు అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇప్పుడు ఏ హోటల్‌కి వెళ్లినా గల్లాపెట్టె దగ్గరి మనిషి పేరు, వడ్డించే మనిషి పేరు, దోసె మాస్టర్‌ది ఏ ఊరో అడుగుతాం, డైరీలో రాసుకుంటాం.

మీ ఇంటికి నడిచే దూరంలో ఉన్న టిఫిన్ హోటల్‌కి ఈ ఆదివారం పొద్దున ఏడింటికి ఇద్దరూ కలిసి వెళ్లండి. మొదటి వాయ ఇడ్లీ తినండి, వడ్డించినవాళ్ల పేరు అడిగి రండి.